నక్షత్రం పీకిన చెయ్యి

“మీ అమ్మని పిలుచుకోని వస్తేనే రా. ఒక్కదానివే వచ్చేపనైతే ఆడనించి ఆడనే నెల్లూరికి పో.”

ఫోన్లో సుందరయ్య గొంతు ఆత్మకూరు బస్టాండు రొదను మించి వినిపించింది. విజయకుమారి ఫోనును చెవికి కాస్త ఎడంగా పట్టుకుంది.

“అమ్మ ఇంట్లో లేదా నాయనా? యాడికి పోయింది?”

“మీ పిన్నమ్మ కాడికి. చేజర్లకి. రెండు దినాలైంది.”

“రెండు దినాలా! నాకెందుకు చెప్పలా?”

“చెప్తే ఏం చేస్తావు? మీ అన్న చేసిన ఘనకార్యానికి ఇంట్లో తలా ఒక దిక్కు అయినాం. నక్షత్రం పీకేసినాడే వాడు! ముప్పై రెండేళ్ళుగా నా ఇంటిమీద నక్షత్రం లేని క్రిస్మస్ లేదు. ఒక్కో వెదురు బద్దా చీరి, నా చేత్తో కట్టింది. పీకి, విరిచి, దిబ్బలో ఏసినాడు.”

“అన్న అట్టా ఎందుకు చేస్తాడు?”

“వాడినే అడుగు. నేను అడిగితే తల దించుకోని నిలబడినాడు. రేపు పండగ. సాయంత్రం ఆరాధనకి ముందర సంఘ పెద్దలు ఇంటికొస్తారు. వాళ్ళ ముందర తప్పు ఒప్పుకుంటే సరి. లేదా, వాడి మూట వాడు సర్దుకోవాల్సిందే.”

ఫోన్ పెట్టేశాడు.

ఎదురుగా ఉదయగిరి బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. నెల్లూరు నుంచి ఇక్కడి దాకా, ఉచిత ప్రయాణం కోసం ఆధార్ కార్డులు చేతబట్టుకున్న ఆడవాళ్ళ మధ్య, ఒంటికాలి మీద నిలబడి వచ్చింది విజయకుమారి. ఈ బస్సులో ఎలాగో కిటికీ పక్కన సీటు దొరికింది. బ్యాగు కూడా అందులోనే పెట్టింది. మూడేళ్ళుగా క్రిస్మస్‌ రోజున ఆసుపత్రి వార్డులోనే గడిపిన నర్సు ఆమె. ఈ ఏడు తోటి నర్సుల డ్యూటీలు కూడా తనే చేసి, బతిమాలి, రెండు రోజుల లీవు సంపాదించుకుంది.

“ఎక్కుతావా లేదా అమ్మా? తలుపు కాడ నిలబడితే ఎట్టా?” కండక్టరు విసుక్కున్నాడు.

విజయకుమారి బ్యాగు కిందికి లాక్కుంది. ఆమె సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. బస్సు వెళ్ళిపోయింది.

చేజర్లకు పోయే షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాక అన్నకు ఫోన్ చేసింది. దయాసాగర్ ఉదయగిరిలో ఆటో నడుపుతాడు. మూడోసారికి ఎత్తాడు.

“అన్నా, ఏంది నువ్వు చేసిన పని? మీ ప్రార్థనవాళ్ళు పండగ చేసుకోవద్దంటే నువ్వు చేసుకోవాకు. నాయన కట్టుకున్నదాన్ని పీకేదేంది?”

అవతల ఆటో ఇంజను ఆగిన చప్పుడైంది.

“నీతోనే మాట్లాడేది!”

“యాడ ఉండావు నువ్వు?”

“చేజర్లకి పోతుండా. అమ్మని పిలుచుకొచ్చేదానికి.”

“వద్దు. అమ్మని ఆడనే ఉండనీ. పండగ పోయినాక నేనే పోయి తెచ్చుకుంటా.”

“నాయన తీసుకురమ్మంటాడు, నువ్వు వద్దంటావు. నేనేమన్నా పార్సిలా, ఆడికొకసారి ఈడికొకసారి తిరిగేదానికి?”

“చెప్పింది విను విజయా. అమ్మని తీసుకురావాకు,” అని అతనూ పెట్టేశాడు.

విజయకుమారికి కోపంతో ఏడుపు వచ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ చూస్తోందని ఆపుకుంది. అన్న పీకి ఉంటాడనే అనిపించింది ఆమెకు. ఏడాదిగా అతను తమ ఊరి చర్చి సంఘానికి రావడం మానేసి, ఉదయగిరిలో ఒక మేడమీద జరిగే ప్రార్థనకు వెళుతున్నాడు. అక్కడివాళ్ళు క్రిస్మస్ చేయరు. నక్షత్రం పెట్టరు, కేకు కోయరు. ‘బైబిల్లో యాడుందో చూపించు’ అంటారు. సంఘ పెద్ద అయిన సుందరయ్యకు కొడుకు అక్కడికి పోవడమే తలకొట్టేసినట్టుంది. అయితే అక్కడికి పోయిన దగ్గర్నుంచి దయాసాగర్ మందు ముట్టలేదు. అది కూడా ఊరందరికీ తెలుసు.

*

చేజర్లలో పిన్నమ్మ వెంకమ్మ ఇంటి వసారాలో మస్తానమ్మ కూర్చుని కజ్జికాయల అంచులు మడుస్తోంది. కూతుర్ని చూసి కళ్ళు ఎత్తింది, మళ్ళీ దించుకుంది.

“రా అమ్మాయ్,” అంది వెంకమ్మ. “నువ్వన్నా మాట్లాడించు మీ అమ్మని. వచ్చిన కాణ్ణించీ ఇంతే. అన్నం తినమంటే తింటది, పని చెప్తే చేస్తది. ఏమైందే అంటే ఉలకదు, పలకదు.”

“అమ్మా, లెయ్యి. పోదాం.”

“నేను రాను.”

“ఎందుకు రావు?”

“రానంటే రాను. నువ్వు పో. ఇంట్లో బియ్యం ఉండాయి, కోడి ఉండాది. వండుకోని తినండి.”

“నేను కోడి కూర కోసం వచ్చినానా? నాలుగు రాత్రులు కన్ను మూయకుండా డ్యూటీ చేసి, ఒక్క దినం మీ అందరితో కూర్చోని అన్నం తినాలని వచ్చినాను. మూడేళ్ళైంది అమ్మా!”

“నిన్ను ఎవురు రమ్మన్నారు?”

విజయకుమారి భుజం మీది బ్యాగు కింద పెట్టింది. వెంకమ్మ నీళ్ళు తెచ్చే మిషతో లోపలికి వెళ్ళింది.

మస్తానమ్మ ఇంకో కజ్జికాయ అందుకుంది. అంచు మడిచింది. ఇంకొకటి. అలా ఐదో ఆరో పళ్ళెంలో చేరాయి.

“సరే,” అంది విజయకుమారి చివరికి. “నేనూ పోను. ఇట్టనే నెల్లూరికి ఎక్కేస్తా. సాయంత్రం అన్న పెద్దల ముందర తప్పు ఒప్పుకుంటాడో, మూట సర్దుకుంటాడో, ఏమైనా చేసుకోండి మీరు.”

మస్తానమ్మ చెయ్యి ఆగింది.

“పెద్దల ముందరా? ఎవురు పిలిచినారు పెద్దల్ని?”

“నాయన. తప్పు ఒప్పుకోకపోతే అన్న ఇంట్లో ఉండేదానికి లేదంట.”

“వాడెందుకు ఒప్పుకోవాల?”

“ఎందుకేంది? నక్షత్రం పీకినందుకు.”

“వాడు పీకలేదు.”

“మరెవురు పీకినారు?”

మస్తానమ్మ పిండి అంటిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

“నేను పీకినాను.”

లోపల గ్లాసు కింద పడిన చప్పుడైంది. వెంకమ్మ గడప దగ్గరికొచ్చి నిలబడింది.

“నువ్వా! ఎందుకమ్మా?”

“నక్షత్రం వెలిగితే మన ఇంటికి ఎవురొస్తారో నీకు తెలవదా? చెంచయ్య డోలు తగిలించుకోని వస్తాడు. వాడెనక పదిమంది. పాటలు పాడతారు, బాగానే పాడతారు. పాటలైనాక పెరట్లో సీసా మూత తీస్తారు. పోయినేడు పండగ ముందు రాత్రికి మీ అన్న నాలుగు నెలలై ముట్టకుండా ఉండాడు. గోడకి ఆనుకోని, వద్దు వద్దంటా చేతులు అడ్డం పెట్టినాడు. వాడి నోటి కాడ గ్లాసు పెట్టిందెవరనుకున్నావు?”

“చెంచయ్య చిన్నాయన.”

“మీ నాయన.”

విజయకుమారి వసారా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

“‘పండగ పూట ఒక్క గుక్క తాగితే దేవుడేం అనుకోడు లేరా, చలికి మంచిది’ అన్నాడు. నేను వంటింటి తలుపు కాడ నిలబడి చూసినా. ఒక్క గుక్కే. దాని తర్వాత తెల్లార్లూ వాడికి లోకం తెలవలా. మరసటి దినం బిడ్డని ఎక్కించుకోని ఆటో తిరగేసినాడు. దాని చెయ్యి విరిగింది. మీ వదిన ఆ బిడ్డని ఎత్తుకోని వరికుంటపాడు పోయింది, ఇంతవరకూ రాలేదు.”

ఆటో బోల్తా పడటం, పాప చెయ్యి విరగడం, వదిన పుట్టింటికి పోవడం విజయకుమారికి తెలిసినవే. ఆ పాపకు కట్టు కట్టించింది తనే. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ‘తాగుబోతు నా కొడుకు, నా పరువు తీసినాడు’ అని అందరితో చెప్పుకుని ఏడ్చింది నాయనే. గ్లాసు సంగతి మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

“మొన్న సాయంత్రం మీ నాయన నక్షత్రం ఎత్తి, లోపల బల్బు ఏసినాడు,” అంది మస్తానమ్మ. “మీ అన్న ఆటో తుడస్తా తలెత్తి చూసినాడు. తుడిచేది ఆపేసి పెరడు దిక్కు చూసినాడు. కన్నదాన్ని, నాకు తెలవదా? మీ నాయన నీళ్ళు పోసుకోను పోయినాడు. నాకేం తోచిందో ఏమో, నిచ్చెన ఎక్కి లాగేసినా. బద్దలు విరిగినాయి. మీ అన్న పరిగెత్తుకోని వచ్చి, నన్ను కిందికి దించి, ‘నువ్వు లోపలికి పో అమ్మా’ అన్నాడు. మీ నాయన వచ్చేసరికి ఆ బద్దలు వాడి చేతిలో ఉండాయి.”

“నాయన ఏం చేసినాడు?”

“చెంపమీద కొట్టినాడు. ముప్పై ఆరేళ్ళ కొడుకుని, ఈదిలో అందరి ముందరా. వాడు నోరు తెరవలా. నేనూ తెరవలా. మాట పెగల్లేదు నాకు.”

వెంకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. విజయకుమారికి మాత్రం జాలి రాలేదు. పొద్దుటినుంచీ పేరుకున్న కోపమంతా ఇప్పుడు దారి దొరికించుకుంది.

“నువ్వు చేసినదానికి వాడు దెబ్బలు తిన్నాడు. నువ్వేమో ఈడికొచ్చి కజ్జికాయలు చుట్టుకుంటా కూర్చున్నావు. ఇంక సాయంత్రమైతే వాడు ఇల్లు కూడా ఇడిచిపెడతాడు. అప్పుడు కూడా పెగలదా నీకు?”

“ఏమే, అమ్మనా నువ్వట్టా అనేది!” అంది వెంకమ్మ.

మస్తానమ్మ చెల్లెల్ని చేత్తో వారించింది. లేచి, తొట్టి దగ్గరికి పోయి, మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

“పద,” అంది.

*

ఆత్మకూరులో గంటన్నర ఎదురుచూస్తే గాని బస్సు దొరకలేదు. మస్తానమ్మకు ఎవరో సర్దుకుని చోటిచ్చారు. విజయకుమారి దారి పొడుగునా నిలబడే వచ్చింది. తల్లి ఒక్కసారి తలెత్తి, “బ్యాగన్నా ఇయ్యి, ఒళ్ళో పెట్టుకుంటా,” అంది. కొండమీద కోట గోడలు కనిపించేసరికి పొద్దు వాలింది.

ఉదయగిరి బస్టాండు బయట దయాసాగర్ ఆటోతో ఉన్నాడు. తల్లిని చూడగానే అతని ముఖం మాడిపోయింది.

“చెప్పినా గదా విజయా, తీసుకురావొద్దని.”

“అమ్మ అంతా చెప్పింది అన్నా.”

అతను తల్లివైపు చూశాడు. మస్తానమ్మ ఆటో ఎక్కి కూర్చుంది.

ఉదయగిరి దాటేదాకా ఆగి, దయాసాగర్ రోడ్డు పక్కన ఆటో నిలిపాడు. ఇంజను కూడా ఆపేశాడు.

“అమ్మా, నువ్వేం మాట్లాడొద్దు. నేను చెప్పేస్తా, నేనే పీకినానని. దండం పెట్టి, నా బట్టలు తీసుకోని వచ్చేస్తా. ఉదయగిరిలో రూము చూసుకున్నా.”

“రూమా? ఎప్పుడు చూసినావు?” అంది విజయకుమారి.

“నెల దినాలైంది. రేపు పొద్దున మీ వదిన బిడ్డని తీసుకోని వచ్చి చూస్తానంది. ఏడాది ముట్టకుండా ఉంటే వస్తానని అప్పుడే చెప్పింది. రేపటికి ఏడాది. ఆ ఇంట్లోకి, ఆ డోళ్ళు, ఆ సీసాల మధ్యకి ఎట్టా తీసుకొచ్చేది వాళ్ళని? ఎట్టా అయినా బయటికి రావాల్సినోణ్ణే. నక్షత్రం పేరుతో వచ్చేస్తే పోతుంది.”

“నాయన పోసినాడని ఎవురికీ చెప్పవా?”

“నాయన పోసినాడు. తాగింది నేను.”

“మీరంతా ఒకటే!” విజయకుమారి గొంతు పెరిగింది. “ఒకరు చేస్తారు, ఇంకొకరు మోస్తారు, చూసినోళ్ళు నోరు కుట్టేసుకుంటారు. నేను మాత్రం నెల్లూరులో కూర్చోని అన్న తాగుబోతు, అన్న తాగుబోతు అని ఏడాదంతా తిట్టుకున్నా నిన్ను. నీ మీద ఒట్టు, మూడు నెలలు నీ ఫోన్ కూడా ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదన్నా నాకు?”

దయాసాగర్ అద్దంలోంచి చెల్లెల్ని చూశాడు. “చెప్తే నువ్వు నాయన ఫోన్ ఎత్తడం మానేసేదానివి,” అన్నాడు.

వెనక నుంచి మస్తానమ్మ చెయ్యి చాపి కొడుకు భుజం మీద తట్టింది.

“బండి తియ్యి. చీకటి పడతా ఉండాది.”

*

ఉదయగిరికి అవతల, చెరువు కింద కాలనీలో వాళ్ళ ఇంటి ముందు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో సంఘం సెక్రటరీ పెంచలయ్య కూర్చున్నాడు. అరుగు మీద చెంచయ్య డోలు తాళ్ళు బిగిస్తున్నాడు. పాటల గుంపులో ఇంకో ఐదారుగురు అప్పటికే చేరారు. సుందరయ్య గంజి పెట్టిన తెల్లచొక్కా తొడిగి, చేతిలో బైబిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

భార్య ఆటో దిగడం చూసి అతని ముఖం వికసించింది. వెంటనే దాన్ని బిగించుకున్నాడు.

“వచ్చినావా. మంచిది. పోయి కాళ్ళు కడుక్కో. ఏం పెంచలయ్యా, మొదలుపెడదామా? రేయ్, ఇట్టా రా. వచ్చి పెద్దల ముందర నిలబడు.”

దయాసాగర్ ముందుకు అడుగు వేశాడు. మస్తానమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, తను ముందు నిలబడింది.

“నక్షత్రం పీకింది నేను.”

సుందరయ్య నవ్వాడు. పెంచలయ్యవైపు తిరిగి, “చూసినావా? తల్లి గదా. కొడుక్కోసం ఎంత అబద్ధమైనా ఆడతది,” అన్నాడు.

“అబద్ధం కాదు.”

“ఏమే, నువ్వు నిచ్చెన ఎక్కినావా? మోకాళ్ళ నొప్పులని చర్చి మెట్లు ఎక్కలేవు నువ్వు.”

“ఎక్కినాను.”

“ఎందుకు ఎక్కినావు మరి? చెప్పు, అందరూ వింటారు.”

మస్తానమ్మ ఒకసారి అరుగువైపు చూసింది. చెంచయ్య తాళ్ళు బిగించడం ఆపాడు.

“నక్షత్రం లేకపోతే వీళ్ళు రారని. వీళ్ళు రాకపోతే నువ్వు పోయవని,” అంది. “పోయినేడు వాడి గ్లాసులో పోసింది ఎవురు?”

సుందరయ్య నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. అది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు.

“పిచ్చి పట్టిందా నీకు?” అన్నాడు. “చెంచయ్యా, చెప్పరా వీళ్ళకి. నేను పోసినానా?”

చెంచయ్య డోలును పక్కన పెట్టాడు. “ఇప్పుడెందుకన్నా అయ్యన్నీ,” అని గొణిగాడు.

“పోసినానా లేదా?”

“సీసా నేను తెచ్చినా. పోసింది నువ్వు. నేను వద్దన్నా కూడా.”

పెంచలయ్య గొంతు సవరించుకుని, నేలను చూస్తూ కూర్చున్నాడు. సుందరయ్య కొడుకువైపు తిరిగాడు. అన్న ఇప్పుడు కూడా అబద్ధం ఆడతాడేమోనని విజయకుమారికి భయం వేసింది.

“నేను కొడితే నోరెత్తకుండా ఎందుకు పడినావురా?” అని అడిగాడు సుందరయ్య.

“అమ్మని కొడతావని,” అన్నాడు దయాసాగర్.

సుందరయ్య చేతిలోని బైబిలును కుర్చీలో పెట్టాడు. భుజం మీది కండువా తీసి దానిమీద వేశాడు. ఎవరివైపూ చూడకుండా మెట్టు దిగి నడవసాగాడు. చర్చి కుడివైపు ఉంది. అతను ఎడమకు, చెరువు కట్టవైపు తిరిగాడు.

“నాయనా!” అని పిలిచింది విజయకుమారి. అతను ఆగలేదు.

దయాసాగర్ చెప్పులు విడిచి పరిగెత్తాడు. కట్ట ఎక్కేదాకా ఇద్దరూ కనిపించారు. తర్వాత కనిపించలేదు.

“పాస్టరు అయ్యగారు వచ్చే టైమైంది,” అన్నాడు పెంచలయ్య, ఎవరితోనో తెలియకుండా. “ఆరాధన ఎవురు మొదలుపెట్టేది?”

మస్తానమ్మ అరుగు మీద కూలబడింది.

విజయకుమారి చేతిలో ఫోన్ మోగింది. వదిన.

“విజయా, ఇంటికి చేరినావా? మేము రేపటిదాకా ఆగలేదు. బిడ్డ నాన్న కాడికి పోదామని ఒకటే ఏడుపు. ఇప్పుడే ఉదయగిరిలో దిగినాం. మీ అన్నకి చేస్తుంటే ఎత్తడం లేదు. ఆటో తీసుకోని రమ్మని చెప్తావా?” ఒక్క క్షణం ఆగింది. “ఇంట్లో అంతా బాగుండారు గదా?”

బాగుండారు వదినా అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. విజయకుమారి తల్లిని చూసింది. ఖాళీగా ఉన్న కట్టను చూసింది.

“లేదు వదినా. ఏమీ బాగలేదు,” అంది. “అన్న మాత్రం ముట్టలేదు. నువ్వు రా.”

అవతల వదిన ఒక ఆటోను కేకేసి ఆపడం వినిపించింది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.